చివరి పావుగంట

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు, నాకే కోపం దిగలేదు. కారణం మళ్ళీ ఆ ఇన్వర్టర్ బ్యాటరీయే.

సాయంత్రం టీవీలో ‘దేవదాసు’ వేశారు. 1953 నాటిది, నాగేశ్వరరావు, సావిత్రిలది. ఏడింటికే వంట ముగించుకుని కూర్చున్నాను. ప్రకటన వచ్చినప్పుడల్లా ఈయన రిమోటు లాక్కుని స్కోరు చూడటం, తిరిగి వచ్చేసరికి పాటలో ఒక చరణం ఎగిరిపోవటం. అదీ భరించాను. దేవదాసు బండెక్కి పార్వతి ఊరికి బయలుదేరాడో లేదో, మా రామగిరిలో గాలి లేచింది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ రెండుసార్లు కూసి ఊరుకుంది. బ్యాటరీలో నీళ్ళు పోయించమని ఉగాది నుంచి మొత్తుకుంటున్నాను. చీకట్లో ఈయన తాపీగా, “తెలిసిన కథే కదా, చివరికి పోతాడు” అన్నారు.

బ్యాటరీ కన్నా ఆ మాటే ఎక్కువ మండించింది.

నిజానికి ఈ రాత్రి దేవదాసును నాలుగు తిట్టి పడుకుందామనుకున్నాను. తండ్రి ముందు నోరు పెగలదు. అర్ధరాత్రి పార్వతి గదికి వచ్చి అడిగినా ధైర్యం చాలదు. తీరా ఆమె మరో ఇంటి ఇల్లాలై, సవతి పిల్లలకు తల్లయ్యాక, ఆ వాకిట్లోకే వచ్చి ప్రాణం వదలాలి! ఏమీ దొరకదని తెలిసి ప్రేమించింది చంద్రముఖి. ఆమె కోసం ఏడ్చినవాళ్ళను నేను చూడలేదు. ఇక పార్వతి భర్తగా వేసిన సి.ఎస్.ఆర్.ను ఈసారే సరిగ్గా చూశాను. నాలుగేళ్ళ తరవాత ‘మాయాబజార్’లో శకునిగా పాచికలు దొర్లించింది ఈ మనిషేనా అనిపించింది. అన్నట్టు, పాటలు కట్టిన సుబ్బరామన్ సినిమా విడుదల కాకముందే కన్నుమూశారు. నేనేమో పావుగంట పోయిందని ఇంత రాద్ధాంతం చేస్తున్నాను.

ఐదో తరగతి వేసవి సెలవులు, దేవరకొండలో పెద్దమ్మ ఇల్లు. గదికి ఒక మూల బత్తాయి కాయల గుట్ట, మిగతా గచ్చంతా వీధి పిల్లలం. నలుపు తెలుపు టీవీలో ఇదే సినిమా. కరెంటు పోయిందీ ఇంచుమించు ఇక్కడే. మేము గోల పెడితే పెద్దమ్మ విసనకర్ర విసురుతూ మిగిలిన కథ చెప్పింది. బండి ఆగింది బిడ్డా, పార్వతి చూసింది, తలుపు తీసుకుని చెంబుతో నీళ్ళు తెచ్చింది, తల ఒళ్ళో పెట్టుకుని తాగించింది.

“బతికాడా పెద్దమ్మా?”

“నీళ్ళు తాగాడు” అంది. అంతే, ఎంత అడిగినా ఇంకో ముక్క చెప్పలేదు.

డిగ్రీలో ఉన్నప్పుడు మొదటిసారి చివరిదాకా చూశాను. పార్వతి గడప దాటకముందే తలుపులు మూసేశారు. హాస్టల్లో అందరూ ముక్కులు తుడుచుకుంటుంటే నేను పెద్దమ్మ మీద కోపంతో కూర్చున్నాను, మరిచిపోయి ఏదో కల్పించి చెప్పిందని. పెళ్ళయ్యాక, కాదులే, పిల్లలం ఏడుస్తామని మార్చి ఉంటుందనుకున్నాను. ఇవాళ అదీ కాదేమో అనిపిస్తోంది. పెద్దమ్మది రెండో సంబంధం. ఆమె కాపురానికి వెళ్ళేసరికే ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు, పెద్దవాడు ఆమె కన్నా ఆరేళ్ళే చిన్న. పెదనాన్న మంచివాడే, ఎవరూ కాదనలేదు. అడగాలని నాకు తోచేసరికి పెద్దమ్మ లేదు. ఉన్నా చెప్పేది కాదు.

దేవదాసును తిట్టే ఓపిక ఎటో పోయింది.

కరెంటు వచ్చి గంటవుతోంది. మిగతా సినిమా ఫోనులో వెతికి పెట్టుకున్నాను. బండి ఆ ఇంటి ముందు ఆగేదాకా చూసి ఆపేశాను.

ఇందాక ఈయన లేచి వచ్చి, “ఇంకా ఆ సినిమాయేనా? పోయాడా?” అన్నారు.

“నీళ్ళు” అన్నాను.

“రేపు తప్పకుండా పోయిస్తానన్నాను కదా” అని వెళ్ళి పడుకున్నారు.