వేడా, లాగుడా?

ఇవాళ పొద్దున ఫైబర్ (సన్నటి గాజు తీగ) అతికించిన స్టీలు బీమ్ మీద బరువేమీ పెట్టలేదు. అయినా గ్రాఫ్‌లో బ్రిల్వాన్ శిఖరం (ఫైబర్‌లోని ధ్వని తరంగాలకి తగిలి వెనక్కి చెదిరే కాంతి ఫ్రీక్వెన్సీ తేడాని చూపేది) మెల్లగా పక్కకి జరుగుతూనే ఉంది. గది వేడెక్కుతోంది, అంతే.

ఫైబర్‌తోనే సాగుడునీ వేడినీ కొలిచే ఈ రకం సెన్సర్లతో వచ్చే తలనొప్పే ఇది. మామూలు టెలికాం ఫైబర్‌లోకి 1550 నానోమీటర్ల కాంతి పంపితే, వెనక్కి చెదిరే కాంతి ఫ్రీక్వెన్సీలో సుమారు 11 గిగాహెర్ట్జ్ తేడా ఉంటుంది. ఫైబర్ ఒక డిగ్రీ వేడెక్కితే ఆ తేడా దాదాపు 1 మెగాహెర్ట్జ్ పెరుగుతుంది. మీటరు ఫైబర్ 20 మైక్రాన్లు సాగినా దాదాపు అంతే పెరుగుతుంది. రెంటిలో ఏది జరిగిందో యంత్రాన్ని అడిగితే ఏం చెబుతుంది పాపం!

అందుకే అతికించిన ఫైబర్ పక్కనే సన్నటి ట్యూబులో వదులుగా ఇంకోటి వేశాం. వదులుది వేడి ఒక్కటే చెబుతుంది. దాన్ని తీసేస్తే మిగిలేది స్ట్రెయిన్, అంటే సాగుడు. కాగితం మీద మాత్రం భలే ఉంది. కానీ స్టీలు కూడా డిగ్రీకి 12 మైక్రోస్ట్రెయిన్ (మీటరుకి 12 మైక్రాన్లు) చొప్పున వ్యాకోచిస్తుంది కదా, అతుక్కున్న ఫైబర్‌ని వెంట లాక్కుపోతుంది. తీసివేత అయ్యాక కూడా డిగ్రీకి 0.6 మెగాహెర్ట్జ్ దాకా మిగులుతుంది. అది అబద్ధం కాదు, బీమ్ నిజంగానే సాగింది. కాకపోతే వంతెన మీద లోడెంత అని అడిగేవాళ్లకి ఆ సాగుడుతో పనిలేదు, దాన్నీ విడదీసి ఇవ్వాలి.

మధ్యాహ్నం బీమ్‌ని వంచితే వదులు ఫైబర్ కూడా కాస్త కదిలింది. కదలకూడదే! ట్యూబు కొన దగ్గర వంగి చూస్తే, బయటికొచ్చే చోట చుట్టిన టేపు ఫైబర్‌ని పట్టుకుని ఉంది. గోరుతో ఊడదీయగానే శిఖరం యథాస్థానానికి వచ్చేసింది.

సాయంత్రం టీమ్‌లో మళ్లీ రిజల్యూషన్ చర్చే, అంటే ఫైబర్‌లో ఎంత చిన్న ముక్కని విడిగా చూడగలమని. 10 నానోసెకన్ల కాంతి పల్స్‌కి మీటరు వస్తుంది. ఇంకా కుదిస్తే గాజులోని ధ్వని తరంగం నిలదొక్కుకోవడానికి సమయం చాలక శిఖరం వెడల్పయి చదునవుతుంది. 50, 49 నానోసెకన్ల పల్స్‌లు రెండు పంపి తేడా తీస్తే 10 సెంటీమీటర్లు చూడొచ్చు, నిజమే. కానీ ఆ తేడా సిగ్నల్ చిన్నది, రెండు కొలతల నాయిస్ మాత్రం కలిసి వస్తుంది. నాయిస్ సగానికి తగ్గాలంటే సగటుకి నాలుగు రెట్లు కొలతలు కావాలి. అంతసేపట్లో గది ఇంకో అర డిగ్రీ మారిపోతుంది! సెంటీమీటర్ల మోజు తర్వాత చూసుకోవచ్చు, ముందు వేడి లెక్క తేలాలనేది నా పట్టు. స్ట్రెయిన్‌ని దాదాపు పట్టించుకోని రామన్ అనే ఇంకో కాంతి పద్ధతితో వేడిని విడిగా కొలుద్దామన్నాను. ఇంకో యంత్రం ఎక్కడిదన్నారు.

సరే, రాత్రంతా రికార్డింగ్ ఆన్‌లో పెట్టి వచ్చాను. బరువు లేకుండా, ఏసీ ఆపేసి.