కంచె లేని నెవాడా దారుల్లో

లాస్ వేగస్ నుంచి 93వ నంబరు హైవే మీద ఉత్తరంగా వెళ్తే అలామో వస్తుంది. ట్యాంకులో ఎంత ఉన్నా సరే, అక్కడ గ్యాస్ నింపుకోవాల్సిందే. ఆ పైన క్రిస్టల్ స్ప్రింగ్స్ దగ్గర ఎడమకు తిరిగితే 375. దీనికే ఎక్స్‌ట్రాటెరెస్ట్రియల్ హైవే అని పేరు. పొడవు 98 మైళ్ళు, మధ్యలో రాచెల్ ఒక్కటే ఊరు. గ్రహాంతరవాసుల కథలతో పేరుపడ్డ సైనిక స్థావరం ఏరియా 51 మోజుతో వచ్చేవాళ్ళు ఆకాశం వైపు చూస్తారు గానీ ఈ దారిలో కళ్ళు పెట్టాల్సింది రోడ్డు అంచుల మీద. పసుపు పలక మీద నల్ల ఆవు బొమ్మ, కింద ‘ఓపెన్ రేంజ్’ అన్న మాట కనపడిందంటే అక్కణ్ణుంచి కంచె లేదన్నమాట.

నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. రాంచర్లు, అంటే పశువుల పెంపకందార్లు, అనుమతి తీసుకుని అందులో పశువుల్ని మేపుకుంటారు. ఓపెన్ రేంజ్ గుండా పోయే హైవే మీదికి పశువు రాకుండా చూసే బాధ్యత యజమానికి లేదని రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఆవును గుద్దితే మన బండి నష్టం ఆయన కట్టడు. మన ఇన్సూరెన్స్‌లో కూడా ఇది ‘కొలిజన్’ (బండి దేన్నైనా గుద్దుకోవడం) కిందికి రాదు, ‘కాంప్రహెన్సివ్’ (దొంగతనం, వడగళ్ళ లాంటి ఇతర నష్టాలు) కిందికి వస్తుంది. పాత కారే కదా అని ఎదుటివాళ్ళ నష్టానికే పనికొచ్చే లయబిలిటీ మాత్రమే తీసుకునే మన స్టూడెంట్లు ఈ వైపు బయల్దేరే ముందు పాలసీ ఒకసారి తీసి చూసుకోవాలి.

మేం వెళ్ళింది టయోటా ఎస్‌యూవీ ఫోర్‌రన్నర్‌లో. టైరు సైజు 265/70ఆర్17, డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసిన గాలి ఒత్తిడి 32 పీఎస్‌ఐ. ఇలాంటి దారికి అనగానే షాపువాళ్ళు లైట్ ట్రక్కుల రకం, అంటే ఎల్‌టీ, లోడ్ రేంజ్ ఈ టైర్లు చూపిస్తారు. పది ప్లై (పొరలు) అంటారే, అవి. సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) గట్టిగా ఉంటుంది, రాళ్ళకు త్వరగా చీరదు. వారాల తరబడి రాంచ్ రోడ్ల మీద తిరిగేవాళ్ళకు అవే సరైనవి. కానీ వాటికి బరువెక్కువ, తడి తారు మీద బండిని ఆపడంలో చాలావరకు వెనకబడతాయి. పైగా అదే బరువు మోయడానికి వాటికి గాలి ఎక్కువ కావాలి, స్టిక్కర్ మీది అంకె సరిపోదు. ప్రయాణంలో పదింట తొమ్మిది వంతులు తారు రోడ్డే అయినప్పుడు, ఆ తారు మీదికే ఆవులు వస్తున్నప్పుడు, మొదట చూడాల్సింది బ్రేకింగ్, ఆ తర్వాతే పంక్చర్ భయం. అందుకే మామూలు బరువు మోసే (స్టాండర్డ్ లోడ్), తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్-టెర్రైన్ టైర్లు వేశాం, మంచులోనూ పట్టు ఉంటుందని చెప్పే మూడు శిఖరాల గుర్తు పక్కగోడ మీద ఉన్నవి.

ట్రెడ్ (టైరు మీది గాడుల లోతు) 2/32 అంగుళం ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, వానరోడ్డు ఒప్పుకోదు. క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి చూడండి. వాషింగ్టన్ తల పైభాగం మొత్తం బయటికి కనపడుతోందంటే 4/32 కన్నా తగ్గినట్టే, మార్చేయాలి. టైరు పక్కగోడ మీద ఉండే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2322 అంటే 2022లో 23వ వారం. ఇవన్నీ స్టెప్నీకి కూడా చూడాలి. ఫోర్‌రన్నర్‌లో అది బండి కింద కేబుల్‌కి వేలాడుతుంది. ఇంటి దగ్గరే ఒకసారి దించి, గాలి కొట్టి, ఎక్కించుకుంటే ఆ కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుందో లేదో కూడా తేలిపోతుంది. అద్దె కార్లలో చాలావాటికి స్టెప్నీయే ఉండదు, ఒక సీలెంట్ డబ్బా ఇస్తారు. సైడ్‌వాల్ చీరితే అది దేనికీ పనికిరాదు.

ఇక గాలి. వేడి పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. వేగస్‌లో 100 డిగ్రీల మధ్యాహ్నం సరిచూసుకున్న టైరు ఈ దారి దాటాక వచ్చే, ఆరువేల అడుగుల ఎత్తున్న టోనోపా ఊళ్ళో 40 డిగ్రీల తెల్లవారుజామున కొన్ని పీఎస్‌ఐలు తక్కువ చూపిస్తుంది. పొద్దున్నే, బండి కదలకముందు కొలిచి నింపాలి.

చీకటి పడకముందే టోనోపా చేరేలా బయల్దేరాం. ఎందుకో లెక్క చూడండి. గంటకు 70 మైళ్ళ వేగంలో బండి సెకనుకు 103 అడుగులు పోతుంది. చూసి బ్రేకు తొక్కేలోపు సెకనున్నర, అంటే 154 అడుగులు. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 230 దాకా. మొత్తం 380 పైచిలుకు. లో-బీమ్‌లో నల్ల ఆంగస్ ఆవు కనపడేది మహా అయితే 200 అడుగుల్లో. 45 మైళ్ళ వేగంలో అయితే ఆగే దూరం 200 లోపు వస్తుంది. ఎంత మంచి టైరైనా ఈ లెక్కను కాస్త అటూ ఇటూ జరపగలదేమో గానీ మార్చలేదు. తప్పనిసరై రాత్రి నడిపితే 45 దాటకూడదు, ఎదురుగా బండి లేనంతసేపూ హై-బీమ్ వేసే ఉంచాలి. పశువు అటు తిరిగి ఉంటే కళ్ళు మెరవవు. కాళ్ళకు తగిలితే అరటన్ను దేహం బానెట్ మీదుగా నేరుగా అద్దంలోకి వస్తుంది.

రోడ్డు మీదికి అవి ఊరికే రావు. తారు మీద పడిన వాన అంచులకు జారి అక్కడ గడ్డి పచ్చగా మొలుస్తుంది. చలిరాత్రుల్లో తారు వెచ్చగా ఉంటుంది. నీళ్ళ తొట్టి ఒకవైపు, మేత ఇంకోవైపు ఉంటాయి. రోడ్డుకి ఇటు తల్లి, అటు దూడ కనపడితే ఏదో ఒకటి దాటుతుందనే అనుకుని ఆగిపోవాలి. మన ఊళ్ళలో గేదెలు హారన్‌కి అలవాటు పడ్డాయి, ఇక్కడివి పడలేదు. హారన్ కొడితే దూడ బెదిరి ఎటు దూకుతుందో తెలియదు. తప్పించబోయి స్టీరింగ్ విసరడం ఇంకా ప్రమాదం, కంకర అంచులో చక్రం దిగితే బండి పల్టీ కొడుతుంది. తిన్నగా ఉంచి బ్రేకు బలంగా తొక్కి పట్టాలి, మిగతాది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ చూసుకుంటుంది.

టోనోపా నుంచి బెల్మాంట్ అనే పాత ఊరికి వెళ్ళాం. 1876 నాటి ఇటుకల కోర్టు భవనం ఇంకా నిలిచే ఉంది. అక్కణ్ణుంచి మానిటర్ లోయ గుండా ఉత్తరంగా 50వ నంబరు హైవే దాకా మట్టీ కంకరా. మట్టిరోడ్డు ఎక్కగానే గాలి 26కి దించాం. టైరు రాయి మీద కాస్త ఒదుగుతుంది, అలల్లాంటి గతుకుల మీద బండి ఎగరడం తగ్గుతుంది. దించాక వేగం 35 దాటకూడదు. కంకర మీద ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది. దారికి అడ్డంగా ఇనుప పైపులు పరిచిన క్యాటిల్ గార్డులు వస్తాయి. పశువు కాలు పెట్టదు, బండి దాటిపోతుంది. తడిగా ఉన్నప్పుడు వాటి మీద బ్రేకు గానీ మలుపు గానీ వద్దు, ముందే వేగం తగ్గించి తిన్నగా దాటాలి. గేటు ఉంటే ఎలా కనపడిందో అలాగే వదలాలి. మూసుంటే దాటాక మూయాలి, తెరిచుంటే తెరిచే ఉంచాలి.

లోయ మధ్యలో గుర్రాల మీద ఇద్దరు మనుషులు, వెంట కుక్కలు, ముందు దారినిండా మంద. ఇలా ఎదురైతే బండి ఆపి, కిటికీ దించి, రౌతు చెయ్యి ఊపేదాకా ఆగాలి. పొమ్మన్నాక నడక వేగంతో, ఆగకుండా, మంద మధ్యలోంచి సాగిపోవచ్చు.

పలకరాయి గుచ్చుకుంటే చిల్లును శుభ్రం చేసే రీమర్, దాన్ని మూసే ప్లగ్ తాళ్ళు, రబ్బరు జిగురు, పన్నెండు వోల్టుల కంప్రెసర్ దగ్గర ఉండాలి. ప్లగ్ పనిచేసేది ట్రెడ్ మధ్యభాగంలోనే, అదీ పావు అంగుళం లోపు చిల్లుకే. సెల్ సిగ్నల్ ఆశ పెట్టుకోవద్దు, మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున నీళ్ళు ఉంచుకోండి. 50వ నంబరు హైవే ఎక్కగానే మళ్ళీ 32కి గాలి కొట్టాకే యురేకా, ఈలీ వైపు వేగం పెంచాలి. దారిలో చక్రం మార్చి ఉంటే 50 మైళ్ళు పోయాక ఆపి నట్లు మరోసారి బిగించాలి.