జంతికల గొట్టం సముద్రం దాటాలంటే

గుంటూరులో మా పార్సిల్ కౌంటర్‌కి ఏ సామాను వచ్చినా, దాని గురించి ఇంగ్లీషులో ఒక లైను నేనే కొట్టాలి. అవతలి దేశపు కస్టమ్స్ వాళ్లు ముందు చదివేది ఆ లైనునే, డబ్బా విప్పడం తర్వాత సంగతి. ‘కవ్వం’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపితే చికాగోలో ఎవరికేం తెలుస్తుంది? దేంతో చేశారో, ఎలా ఉంటుందో, ఏ పనికి వాడతారో రాయాలి. నన్నడిగితే ఆ చివరిదే ప్రాణం. కవ్వానికి నేను రాసేది ‘వుడెన్ హ్యాండ్ విస్క్ ఫర్ చర్నింగ్ బటర్‌మిల్క్’.

జంతికల గొట్టాన్ని ‘స్టీల్ ప్రెస్’ అని వదిలేస్తే ఏ ఫ్యాక్టరీ మెషినో అనుకుంటారు. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ హ్యాండ్ ప్రెస్ ఫర్ షేపింగ్ స్నాక్ డో’ అంటే గొడవ ఉండదు. కోడ్ వెతకడమూ సులువే. కస్టమ్స్ కోసం ఒక్కో రకం సరుక్కి ఒక్కో కోడ్ నంబరిచ్చే, 1988 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఎస్ పట్టికలో 8210 అంటే చేత్తో నడిపే, 10 కిలోలు మించని వంట పరికరాలు. ఆహారం తయారీకి వాడేవని ఆ కోడ్ వివరణలోనే ఉంటుంది.

‘యూజ్డ్’ అనే మాటతో మాత్రం జాగ్రత్త. ‘ప్రెస్ యూజ్డ్ ఫర్ మేకింగ్ స్నాక్స్’ బాగానే ఉంది. అదే మాట ముందుకు జరిగి ‘యూజ్డ్ ప్రెస్’ అయిందా, కొత్త గొట్టం కాస్తా సెకండ్‌హ్యాండ్ సరుకైపోతుంది! అందుకే నేను వట్టి ‘ఫర్’తో సరిపెడతా.

సంక్రాంతి ముందు ముగ్గుపిండి వస్తే అసలు టెన్షన్. తెల్ల పొడి, అదీ కవర్లో. రాతిపిండా, బియ్యప్పిండా అని ముందు అడుగుతా. రాతిపిండైతే ‘స్టోన్ పౌడర్ ఫర్ డ్రాయింగ్ ఫ్లోర్ డిజైన్స్, నాట్ ఫర్ ఈటింగ్’. ఆ చివరి ముక్క అందంగా లేకపోయినా పనికొస్తుంది.

చాలామందికి ఇంకో తికమక. వస్తువు దేనికి అంటే, ఎందుకు పంపుతున్నారో చెబుతారు. మొన్న ఒక పెద్దావిడ స్టీలు ఉగ్గుగిన్నె తెచ్చారు (వెండిదైతే మేం తీసుకోం).

“దేనికండీ ఇది?”

“మా మనవడి బారసాలకి బాబూ, అదే రాయి.”

“అది కాదు పిన్నిగారూ, గిన్నెతో ఏం చేస్తారో చెప్పాలి.”

పోస్టులో వెళ్లే చిన్న పార్సిళ్లకు అంటించే సీఎన్22 అనే కస్టమ్స్ ఫారంలో గిఫ్ట్‌కి వేరే గడి ఉంది, వస్తువు వివరణకు వేరే చోటు ఉంది. యూరప్‌కైతే ‘గిఫ్ట్’ అన్న ఒక్క మాట వివరణగా చెల్లదు కూడా. గడిలో టిక్కు పెట్టి, ‘స్మాల్ స్టీల్ బౌల్ విత్ స్పౌట్ ఫర్ ఫీడింగ్ ఇన్‌ఫెంట్స్’ అని కొట్టి చదివి వినిపించా.

“అంతా బాగానే ఉంది గానీ, పిల్లాడి పేరేది?” అన్నారావిడ.