నరం కోసేస్తే ఖతమట!

“మెడ వెనక నరం కోసేస్తే నీ మైగ్రేన్ తలనొప్పి ఖతమమ్మా” అన్నాడు నేను మొదట చూపించుకున్న సర్జన్. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మైగ్రేన్‌కు మెడ వెనక చేసే ఈ ఆపరేషన్లో నరం కోయరు. గ్రేటర్ ఆక్సిపిటల్ నరం మెడ కండరంలోంచి దూరి తల వెనక్కి పోతుంది. దాన్ని ఒత్తుతున్న కండరాన్ని కొంత తీసి, మళ్ళీ ఒత్తుకోకుండా కొవ్వు పొరను అడ్డం పెడతారు. నరమే తెగితే అక్కడ మొద్దుబారుతుంది, ఒక్కోసారి తెగిన కొస దగ్గరే కొత్త నొప్పి మొదలవుతుంది.

హన్మకొండలో ఒక రాత్రి మాత్రం బతుకు మీద ఆశ పోయింది. కుడిచేతి వేళ్ళ నుంచి తిమ్మిరి మెల్లగా మూతి దాకా పాకింది. మంచినీళ్ళు అడుగుదామంటే మాట తిరగలేదు. పక్షవాతమేనని మా ఆయన ఏడ్చిండు. స్కాన్‌లో ఏమీ లేదు. అది ఆరా అట, అంటే మైగ్రేన్‌తో వచ్చే తిమ్మిరి, మాట తడబాటు లాంటివి. పక్షవాతం సాధారణంగా ఒక్కసారిగా కొడుతుంది, ఆరా మెల్లగా పాకి, మామూలుగా గంటలోపు పోతుంది. అయినా మొదటిసారి వస్తే ఇంట్లో కూర్చోవద్దు, దవాఖానకు ఉరకాల్సిందే.

న్యూరాలజిస్టు మేడం రుణం తీర్చుకోలేను. ఏ గోలీలు, నెలకెన్ని అని అడిగిన మొదటి మనిషి ఆమే. మామూలు నొప్పి గోలీ నెలలో 15 రోజులు, ట్రిప్టాన్ అనే మైగ్రేన్ గోలీ అయితే 10 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ వాడుతూ పోతే ఆ గోలీలే తలనొప్పిని పెంచుతాయి. ఇన్నేళ్ళు చీటీ మీద చీటీ రాసినవాళ్ళు ఒక్కరూ చెప్పలేదు! గోలీలు మానినంక నొప్పి ముందు ఎక్కువైంది, తర్వాత దిగింది. మైగ్రేన్‌కిచ్చే బొటాక్స్ సూదులు కూడా అయినయి: 31 చోట్ల 155 యూనిట్లు, 12 వారాలకోసారి. సగమే తగ్గింది. అప్పుడు నరం పక్కన మత్తు సూది, అంటే బ్లాక్, ఇచ్చి చూశారు. నొప్పి మాయమైతే మూలం అక్కడ ఉండొచ్చని గుర్తు, అంతేగానీ గ్యారంటీ కాదు.

2009లో అమెరికాలో 75 మంది మీద పరీక్ష చేశారు. నిజం ఆపరేషన్ అయినవాళ్ళలో 57 శాతం మందికి నొప్పి పూర్తిగా పోయింది. కోత పెట్టి ఊరికే కుట్లేసినవాళ్ళలోనూ సగానికి పైగా మందికి బాగా తగ్గింది! అక్కడి తలనొప్పి డాక్టర్ల సంఘం అమెరికన్ హెడేక్ సొసైటీ 2013లో, పరిశోధనలో భాగంగా తప్ప ఈ ఆపరేషన్ వద్దంది. అది తెలిసే నేను ఆపరేషన్‌కు ఒప్పుకున్నా.

కుట్లు మానినా చాన్నాళ్ళు దువ్వెన తగిలితే కరెంటు కొట్టినట్టుండేది. ఇప్పుడు నెలలో ఒకటి రెండు నొప్పులే. మా అత్తమ్మ సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కింది, మేడారంలో బెల్లం తూకానికి కూర్చున్నది నేనే. తగ్గింది దేనివల్లో విడదీసి చెప్పలేను.

సర్జన్ దగ్గరికి పోయేముందు నొప్పి ఎక్కడ మొదలైంది, ఏ గోలీ వేసుకున్నారు, అన్నీ తేదీలతో రాసుకోండి. అది చూడకుండా, బ్లాక్ ఇవ్వకుండా ఆపరేషన్ తేదీ ఇస్తానంటే లేచి వచ్చేయండి.