బెంటొనైట్ ప్లాంట్ ఉద్యోగం అంటే ఏంటి?

పైలింగ్ పనికి, అంటే పునాది కోసం నేలలో లోతుగా గొయ్యి తవ్వి కాంక్రీట్ స్తంభం (పైల్) పోసే పనికి, పరాయి దేశం వచ్చినవాళ్లలో కొత్తవాళ్లని ముందు బెంటొనైట్ ప్లాంట్ దగ్గర పడేయడం మామూలే. బెంటొనైట్ అంటే నీళ్లు పీల్చి ఉబ్బే మెత్తటి మట్టి పొడి. ఏజెంట్ టెక్నీషియన్ అని పంపిస్తాడు, తీరా వచ్చి చూస్తే పొడి బస్తాలు, మిక్సర్, వరసగా ట్యాంకులు, అడుగు వేస్తే సర్రున జారే బురద. అందరూ గొయ్యి తవ్వే రిగ్ మెషీన్ వైపు ఆశగా చూస్తుంటారు. నన్నడిగితే సైట్‌లో బుర్రకి పని చెప్పే చోటు ఇదే.

రాబోయేవాళ్లు ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది, కాంక్రీట్‌లో బెంటొనైట్ ఎంత కలుపుతారు అని. పైల్ కాంక్రీట్‌లో అసలు కలపరు, కలిస్తే బలం పడిపోతుంది. దాని పనల్లా కాంక్రీట్ వచ్చేదాకా గొయ్యి కూలిపోకుండా పట్టుకోవడమే. నీళ్లలో బరువు లెక్కన సుమారు 3 నుంచి 6 శాతం సోడియం బెంటొనైట్ కలిపి, ఆ ద్రవాన్ని (స్లర్రీ) బోర్, అంటే తవ్విన గొయ్యి నిండా ఉంచుతారు, దాని మట్టం భూగర్భ జలం కంటే కనీసం మీటరున్నర పైన ఉండాలి. ఆ ఒత్తిడికి స్లర్రీ గోడలోకి కొంచెం ఇంకి, పైన పల్చటి పొర కడుతుంది, ఆ పొర మీద ఒత్తిడి పనిచేసి ఇసుక జారకుండా ఆపుతుంది. కదపకుండా వదిలేస్తే జెల్లీలా బిగుస్తుంది, కదిపితే మళ్లీ పారుతుంది.

పొడి కలపగానే వాడేయకూడదు. నీళ్లు పీల్చుకుని ఉబ్బడానికి టైమ్ కావాలి, మామూలుగా రాత్రంతా ట్యాంకులో వదిలేస్తారు. సముద్రం దగ్గరి సైట్లలో ఉప్పునీళ్లు తగిలితే సరిగా ఉబ్బదు, ముద్దలుగా విడిపోతుంది. సిమెంట్ పడినా అంతే, అందుకే కాంక్రీట్ పోసేటప్పుడు పైకొచ్చిన స్లర్రీలో సిమెంట్ తగిలిన భాగాన్ని మళ్లీ ట్యాంకులోకి రానివ్వం.

ఇక మార్ష్ కోన్, అంటే స్లర్రీ చిక్కదనం చూసే గరాటు. గరాటు కింది రంధ్రాన్ని వేలితో మూసి, పైన జల్లెడ మీదుగా 1500 మిల్లీలీటర్ల స్లర్రీ పోసి, వేలు తీస్తూనే స్టాప్‌వాచ్ నొక్కాలి. 946 మిల్లీలీటర్లు కారడానికి మంచినీళ్లకైతే 26 సెకన్లు పడుతుంది, తాజా స్లర్రీకి 30 దాటాలి, ఎంతవరకు ఉండొచ్చో ఆ ప్రాజెక్ట్ స్పెసిఫికేషన్‌లో రాసి ఉంటుంది. ఫోర్‌మన్‌ది ఒక భాష, రిగ్ ఆపరేటర్‌ది ఇంకో భాష, నాకొచ్చింది రెండూ కాదు. వాచీ తిప్పి చూపిస్తే ఎవరికీ అనువాదం అక్కర్లేదు.

అసలు టెన్షన్ కాంక్రీట్ ముందు. బోర్ అడుగు నుంచి శాంపిల్ తీసి సాంద్రత, ఇసుక శాతం చూడాలి. ఇసుక 4 శాతం దాటితే, స్లర్రీలోంచి ఇసుక వేరుచేసే డీశాండర్ తిప్పాల్సిందే. బయట మిక్సర్ లారీలు వరసకట్టి ఉంటాయి, కాంక్రీట్ గట్టిపడిపోతోందని అరుపులు, "రాసేయ్ రా, సరిపోతుంది" అనేవాళ్లు కూడా ఉంటారు. రాయకూడదు. ఆ ఇసుకంతా తర్వాత అడుగున పేరుకుంటుంది, లేదా పైకొచ్చే కాంక్రీట్ మధ్యలో ఇరుక్కుంటుంది, పైల్ అక్కడ బోలు. కాంక్రీట్‌ని గొయ్యి అడుగుకి దింపే ట్రెమీ పైపు చివర ఎప్పుడూ కాంక్రీట్‌లో మునిగే ఉండాలనేది కూడా ఇందుకే, కింద నుంచి కాంక్రీట్ లేస్తూ తేలికైన స్లర్రీని పైకి నెట్టాలి. అంతా బాగా జరిగినా పైల్ తలభాగంలో మురికి కాంక్రీటే ఉంటుంది, అందుకే కావాలనే ఎక్కువ పోసి తర్వాత కొట్టేస్తారు.

బెంటొనైట్‌ని సిమెంట్‌తో కలిపే పనులు వేరే ఉన్నాయి. డ్యామ్ కింద, తవ్వకాల చుట్టూ నీటిని ఆపే గోడలకి బెంటొనైట్ కలిపిన కాంక్రీట్ వాడతారు, దాన్నే ప్లాస్టిక్ కాంక్రీట్ అంటారు, అక్కడ బలం తక్కువైనా ఫర్వాలేదు, నేల కొంచెం కదిలితే పగలకుండా వంగాలి, నీళ్లు కారకూడదు. సందుల్లోకి ఎక్కించే పల్చటి సిమెంట్ మిశ్రమం, అంటే గ్రౌట్‌లో కొంచెం వేస్తే సిమెంట్ అడుగుకి దిగిపోయి నీళ్లు పైన తేలడం తగ్గుతుంది. ప్లాస్టిక్ కాంక్రీట్‌కి మాత్రం వరస తప్పకూడదు, ముందు బెంటొనైట్‌ని నీళ్లలో నానబెట్టాలి, ఆ తర్వాతే సిమెంట్. తిరగేస్తే సిమెంట్‌లోని కాల్షియం వల్ల మట్టి సరిగా ఉబ్బదు, బస్తాలు దండగ.

వచ్చేవాళ్లకి రెండు మాటలు. బస్తా విప్పేటప్పుడు మాస్క్ తీయొద్దు, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. టెస్ట్ షీట్ మీద రీడింగ్, టైమ్ మీ చేత్తో మీరే రాసి సంతకం చేయండి, ఆరు నెలల తర్వాత ఏ పైల్ తేడా వచ్చినా ముందు అడిగేది ఆ కాగితమే.