సదరం కోసం రెండుసార్లు

"మా పాప అన్నీ చేసుకుంటాది సార్. అన్నం కూడా వండుతాది."

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షలో డాక్టరు ఏం అడిగినా ఆ పాప తల్లి పెద్దమ్మది ఇదే వరస. పక్కన నిలబడ్డ నాకు చెమటలు పట్టాయి. ఆ పాప పొయ్యి దగ్గరకు వెళ్లి నాలుగేళ్లయింది. ఎవరైనా వెంటపడితే తప్ప స్నానం చేయదు. ఆ రోజు మాత్రం ఉతికిన చుడీదార్, తలకు నూనె, జడలో కనకాంబరాలు. నలుగురిలోకి పోతున్నామని పెద్దమ్మ తెల్లారకముందే తయారు చేసింది.

వైకల్యం 40 శాతం కంటే తక్కువ వేశారు. పింఛనుకు పనికిరాదు.

అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు పల్లెల్లో మానసిక జబ్బులున్న వాళ్ల ఇళ్లకు తిరగడం నా ఉద్యోగం. సరిహద్దు దాటితే బళ్లారి. పల్లె ఆరోగ్య కేంద్రాల్లోనే ఈ వైద్యం చేయొచ్చని 1980ల్లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసి చూపించింది ఆ జిల్లాలోనే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అయినా మా పల్లెల్లో ముందు కట్టించేది తాయెత్తే. నేను తప్పు పట్టను. తాయెత్తు కట్టేవాడు ఊళ్లోనే ఉంటాడు, స్లాట్ అడగడు, ఒకరోజు కూలీ పోదు.

ఆ రోజు తప్పు నాదే. పరీక్ష స్లాట్ కోసం గ్రామ సచివాలయం చుట్టూ తిరిగానే గానీ, లోపల ఏం అడుగుతారో పెద్దమ్మకు చెప్పలేదు. మానసిక వైకల్యాన్ని కొలిచే పద్ధతిని ఐడియాస్ అంటారు. సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పనీపాటా: ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి ఇంకో నాలుగు దాకా. అన్నీ కలిపి ఏడు వస్తేనే 40 శాతం. కాలు లేకపోతే చూడగానే తెలుస్తుంది. ఇక్కడ నోరు విప్పి చెప్పాలి. చెప్తే చిన్నకూతురికి సంబంధాలు రావని పెద్దమ్మ భయం.

అప్పీలు పెట్టాం. బియ్యం డబ్బా వెనక ప్లాస్టిక్ కవర్లో పాత మందుల చీటీలు దొరికాయి. ఇంకు వెలిసిపోయింది, అయినా ఒకదాని మీద ఏడేళ్ల కిందటి తేదీ కనిపించింది. మొదటిసారి మేం చూపించినవి మూడేళ్లవే. ఒక్క మార్కు ఆ చీటీతోనే పెరిగింది. చిన్నమ్మాయి చేత వారం రోజులు నోటుబుక్కులో రాయించాను. "సోమవారం. అక్క తినలేదు. ట్రాక్టర్ చప్పుడుకి మంచం కింద దూరింది. సాయంత్రం దాకా రాలేదు."

రెండోసారి డాక్టరమ్మ ఆ నోటుబుక్కు ప్రతి పేజీ చదివింది. తర్వాత పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ కొంగు చివర మెలిపెడుతూ చాలాసేపు కూర్చుంది. "ఏమీ చేసుకోలేదు తల్లీ," అంది.

2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000. మొదటి నెల డబ్బు అందిన రోజు వాళ్లింటికి వెళ్లాను. పెద్దమ్మ సర్టిఫికెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీంట్లో జబ్బు పేరు రాసుంటాదా మేడమ్?"

ఉంటుందన్నాను. మళ్లీ తీసుకుని, పాత కవర్లోనే పెట్టి, బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది.