బార్సిలోనాలో రైలెక్కి జిరోనా, తరగోనా, వాల్స్

బార్సిలోనాలో ఎక్కడ చూసినా "ఒకే రోజులో మూడు ఊళ్లు" అని బస్సు ప్యాకేజీలు అమ్ముతుంటారు. నా మాట విని వాటి జోలికి పోకండి. మా బాబాయి కొడుకు అక్కడే చదువుకుంటున్నాడు, ఫిబ్రవరిలో మేం వెళ్లగానే వాడు చెప్పిందీ ఇదే: "అక్కా, రోజుకి ఒక్క ఊరు, అదీ రైల్లో. బావగారు ఎంత తొందరపెట్టినా సరే."

ముందు జిరోనా. బార్సిలోనా మెయిన్ స్టేషన్ సాంట్స్ నుంచి హైస్పీడ్ రైల్లో 40 నిమిషాలు, మామూలు రైలైతే గంటకి పైనే. ఓన్యార్ నదిని ఆనుకుని పసుపు, ఇటుక రంగు ఇళ్లు, దాని మీద ఎర్ర రంగు ఇనప వంతెన. ఇది ఈఫిల్ కంపెనీ 1877లో కట్టింది, అంటే పారిస్ టవర్ కంటే 12 ఏళ్లు ముందే. వంతెన దాటితే పాత యూదుల పేట, ఇద్దరు పక్కపక్కన నడవలేని రాతి సందులు. 1492లో స్పెయిన్ నుంచి యూదులందర్నీ వెళ్లగొట్టారు, ఇళ్లు మాత్రం మిగిలాయి. అక్కణ్నుంచి దాదాపు 90 మెట్లెక్కితే కేథడ్రల్. బయటినుంచి మామూలుగానే ఉంటుంది కానీ లోపలికెళ్లాక నోట మాట రాలేదు, హాలు వెడల్పు దాదాపు 23 మీటర్లు, ఆ మధ్యలో స్తంభాలే లేవు. గోథిక్ అనే మధ్యయుగాల యూరప్ శైలి చర్చిల్లో ఇంత వెడల్పు హాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేదట.

కింద ఒక స్తంభం మీద రాతి సింహం ఉంది. దాని వెనక భాగానికి ముద్దు పెడితే మళ్లీ జిరోనాకి వస్తారని నమ్మకం. నేను పెట్టలేదు, మా ఆయన పెట్టనివ్వలేదు! మధ్యాహ్నం రెండు దాటాక చాలా షాపులు మూసేస్తారు, ఆ టైముకి షూషోలు కొనుక్కుని పాత కోట గోడ మీద నడవడం మంచిది, టికెట్ కూడా లేదు. షూషో అంటే లోపల క్రీమ్ పెట్టి నూనెలో వేయించిన తీపి వంటకం, ఈ ఊరిదే.

తరగోనాకి మాత్రం హైస్పీడ్ రైలు వద్దే వద్దు, ఆ స్టేషన్ ఊరికి చాలా దూరం. మామూలు రైల్లో ఎడమవైపు కూర్చుంటే చాలా దూరం సముద్రం కిటికీ పక్కనే వస్తుంది. సముద్రం ఒడ్డునే రోమన్ల అంఫిథియేటర్, అంటే చుట్టూ మెట్ల సీట్లున్న ఆరుబయలు పోటీల మైదానం, రెండో శతాబ్దం నాటిది, క్రీ.శ. 259లో బిషప్ ఫ్రుక్తువోసుస్‌ని సజీవంగా తగలబెట్టింది అక్కడే. అవన్నీ విన్నాక ఆ ఎండ, ఆ నీలం నీళ్లు కాస్త ఇబ్బందిగానే అనిపించాయి. రాంబ్లా నోవా వీధిలో మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడ్డ కంచు విగ్రహం ఉంది, ఈ మనిషి గోపురాల్ని కస్తెల్స్ అంటారు. 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పైదాకా ఎక్కేది చిన్న పిల్లలే, చూస్తేనే టెన్షన్.

నాకు అన్నిటికంటే నచ్చింది వాల్స్. నిజానికి అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, తినడానికే వెళ్లాలి. కల్సోట్లు అంటే లావుపాటి ఉల్లికాడలు, ద్రాక్ష కొమ్మల మంట మీద బొగ్గయ్యేదాకా కాలుస్తారు, తర్వాత న్యూస్‌పేపర్లో చుట్టి మగ్గనిచ్చి, వంపు పెంకు మీద పెట్టి తెస్తారు. మెడకి గుడ్డ కడతారు. ఎడం చేత్తో నల్లటి అడుగు పట్టుకుని కుడి చేత్తో లోపలి ఆకులు లాగితే పైతోలు జారిపోయి తెల్లటి ముక్క వస్తుంది, దాన్ని బాదం, టమాటా, వెల్లుల్లి, ఎండు మిరపతో చేసిన సాస్‌లో ముంచి, తల పైకెత్తి నోట్లోకి దించుకోవాలి. తియ్యగా, పొగ వాసనతో ఎంత బాగుందో! సాస్‌లో కారం మాత్రం మనకి ఆనదు. శనివారం కదా, మా తమ్ముడు మాంసం ముట్టడు, తర్వాత వచ్చిన గొర్రె మాంసం మా ప్లేట్లలోకి తోసేసి ఇంకో పెంకు కల్సోట్లు తెప్పించుకున్నాడు. చేతులన్నీ మసి, ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

కల్సోట్ల సీజన్ సుమారు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఎండాకాలం వెళ్తే వాల్స్ బదులు సిట్జెస్ బీచ్ పెట్టుకోండి, అది తరగోనా దారిలోనే వస్తుంది.